సీసాలో లేని మనిషి

పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన ఇరవై తొమ్మిదేళ్లలో మామయ్యగారి భుజం మీద తువ్వాలు లేకుండా నేను చూసింది రెండేసార్లు. మొదటిది అత్తయ్యగారు పోయిన రోజు. రెండోది మొన్న శ్రావణమాసంలో, మా అమ్మాయి జోయా పనిచేసే ప్రయోగశాలలో.

ఆయన పేరు దావులూరి పున్నయ్య. పన్నెండో ఏట విజయవాడలో పార్టీ ప్రెస్సులో అక్షరాలు పేర్చే పనిలో చేరారు. పార్టీ అంటే ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఒకటే పార్టీ, కమ్యూనిస్టు పార్టీ. కొడుకు పుడితే గగారిన్ అని పేరు పెట్టారు. ఆ గగారిన్‌నే నేను పెళ్లి చేసుకున్నాను. శుభలేఖ చూసి మా బంధువులు అబ్బాయిది ఏ దేశమని అడిగారు. చాలా ఏళ్ల తర్వాత మనవరాలు పుట్టినప్పుడు రష్యా వీరవనిత పేరుతో జోయా అని పిలిచిందీ ఆయనే. అప్పటికి పార్టీ ఆయన్ని వదిలేసి పాతికేళ్లు. ఆయన మాత్రం పేర్లు పెట్టడం మానలేదు.

పార్టీ వదిలేసిన సంగతి ఇది. 1975లో కొత్త రకం అచ్చుపని నేర్చుకుని రమ్మని ఆయన్ని తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌కి పంపారు. అక్కడా ఒకటే పార్టీ, పరిపాలించేదీ అదే. రెండేళ్ల శిక్షణ. పద్నాలుగో నెలలోనే ఆయన తిరిగొచ్చారు. ఆయనకంటే ముందే కబురు వచ్చింది. శిక్షణ ప్రెస్సులో ప్రభుత్వానికి వ్యతిరేకంగా కరపత్రాలు వేశారట, అందులో ఈయన చెయ్యి ఉందట. విజయవాడ ఆఫీసులో ఆయనకి కుర్చీ వేయడం మానేశారు. మరికొందరు ఇంకాస్త ముందుకెళ్లారు. నిజంగా కరపత్రాలు వేసినవాడైతే జైల్లో పెట్టి ఉండాలి కదా, క్షేమంగా విమానం ఎక్కించారంటే అక్కడ ఇంకెవరినో పట్టిచ్చి బయటపడి ఉంటాడని అన్నారు. ఈ మాట నేను మొదట విన్నది నా పెళ్లిలోనే, భోజనాల బంతిలో, నా వెనక వరసలో. నమ్మానని అనను. నమ్మలేదనీ అనను.

ఆయన మాత్రం దాని గురించి మాట్లాడలేదు. పెళ్లి కార్డులూ కరెంటు రసీదులూ అచ్చువేసుకుంటూ కొడుకుని చదివించారు. ఒక్కసారి మాత్రం, యోర్గ్ అనేవాడు తనని ముంచాడని అత్తయ్యగారితో అన్నారట. యోర్గ్ ఆ ప్రెస్సులో ఈయన పక్క మెషిను మనిషి.

ఇక యంత్రం సంగతి. ప్రయోగశాలలో అందరూ దాన్ని ముక్కు అంటారు. మా ఫ్రిజ్ కంటే కాస్త పెద్దది. గుడ్డనో కాగితాన్నో అందులో పెడితే, దాన్ని తాకిన మనుషుల ఒంటి వాసనల్ని విడదీసి, ఒక్కొక్కరికి ఒక్కో వంకరగీత గీస్తుంది. వేలిముద్రలాగే ఒకరి గీత ఇంకొకరికి రాదని జోయా చెబితే నేను ఊరికే తలూపాను. అప్పుడది నా బీరువాలో అడుగున ఉన్న అత్తయ్యగారి గద్వాల చీర అడిగి తీసుకెళ్లింది. సాయంత్రం ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. మూడు గీతలున్నాయి. ఒకటి నాది. ఒకటి చిన్నప్పుడు ఆ చీర కుచ్చిళ్లలో దాక్కున్న జోయాది. మూడో గీతకి పోల్చి చూడటానికి మనిషి లేదు. పోయి తొమ్మిదేళ్లయింది. ఆ కాగితాన్ని నేను చీర మడతలోనే పెట్టి బీరువా మూశాను.

ఆ యంత్రం ఉందని తెలిసి, ఒకప్పుడు ఒకటే పార్టీ ఏలిన దేశాల నుంచి పెట్టెలు రావడం మొదలైంది. రొమేనియా నుంచి టైపురైటర్ రిబ్బన్లు, అల్బేనియా నుంచి తెరిచి మళ్లీ అంటించిన ఉత్తరాల కవర్లు, తూర్పు జర్మనీ నుంచి గాజుసీసాలు. సీసాల్లో పసుపురంగు గుడ్డలుంటాయి. అనుమానం ఉన్న మనిషిని రహస్య పోలీసులు పిలిపించి, పలచటి తొడుగు కింద ఈ గుడ్డ పెట్టిన కుర్చీ మీద పది నిమిషాలు కూర్చోబెట్టి కబుర్లు చెప్పేవారట. అతను లేచి వెళ్లాక గుడ్డ తీసి సీసాలో బిగించేవారు. ఎక్కడైనా కరపత్రం దొరికితే కుక్కకి రెండూ వాసన చూపించేవారు.

జోయా ఈ సంగతి చెప్పినప్పుడు మామయ్యగారు మజ్జిగన్నం తింటున్నారు.

"మనుషుల్ని ఊరగాయ పెట్టారన్నమాట," అన్నారు. కాసేపటికి మళ్లీ, "ఎన్ని సీసాలే జోయమ్మా?"

మాకొచ్చినవి నాలుగు వేలని జోయా చెప్పింది. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

ఆ యంత్రం వచ్చాక మా అమ్మాయి సగం తిండి మానేసింది. నాకు కారణం చెప్పేది కాదు. ఒకరోజు వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది. అల్బేనియాలోని టిరానా నుంచి ఒకావిడ తన ఉత్తరాల కవర్లు పంపించి, వాటిని తెరిచిందెవరో చెప్పమని అడిగిందట. జిగురు మీద దొరికిన గీత ఆమె పంపిన నమూనాల్లోనే ఉంది. అది ఆమె భర్తది. నలభై ఒక్క ఏళ్ల కాపురం, ఆయన పోయి మూడేళ్లు. తెరమీద ఆ ముసలావిడ, ఇంకోసారి చూస్తారా అని అడిగిందట. జోయా మూడుసార్లు చూసింది. మూడుసార్లూ అదే.

ఆ తర్వాత వారానికే దానికి తాతగారి సీసా కనబడింది. సీసా మీద కాగితం చీటీ: పున్నయ్య దావులూరి, భారత్, 1976 నవంబరు. మిగతా ఫైలు ఏ మూటలో ఉందో ఇంకా తేలలేదు.

బతికున్న మనిషి ఒప్పుకోకుండా సీసా తెరవకూడదన్నది వాళ్ల నియమం. జోయా ఆ సంగతి ముందు నాకు చెప్పింది. వద్దులేవే అన్నాను. ఎనభై దాటిన మనిషి, ఇప్పుడు తెలిసి చేసేదేముందని. నా అసలు భయం వేరు. పెళ్లి బంతిలో విన్నది నిజమని తేలితే, ఆయనకి రేపట్నుంచి కాఫీ ఇచ్చేటప్పుడు నా మొహం ఎలా పెట్టుకోవాలో నాకు తెలియదు.

కానీ వెళ్లి చెప్పింది మాత్రం నేనే. ఆయన వినీ వినగానే సంతకం పెట్టేస్తానన్నారు.

"చూడనియ్యమ్మా. యాభై ఏళ్ల కిందట నేను చెప్తే ఎవరూ వినలా. గుడ్డ చెప్తే వింటారేమో."

జోయా ఇంటికొచ్చి దూదితో ఆయన ముంజేతి మీద రుద్ది నమూనా తీసుకెళ్లింది. రెండు రోజులు నేను దాన్ని ఏమీ అడగలేదు. మూడో రోజు వంటింట్లోకి వచ్చి, గట్టు మీద చేతులానించి నిలబడింది.

"కలవలేదమ్మా."

కలవకపోతే మంచిదే కదా అనుకున్నాను. మంచిది కాదట. ఆ గుడ్డ మీద ఉన్నది వేరే మనిషి వాసన. ఇలా పేరు ఒకరిది, వాసన ఇంకొకరిది అయిన సీసాలు ఇంతవరకూ పంతొమ్మిది దొరికాయి. వాటిలో పదిహేడు పోలీసులకి కబుర్లు మోసినవాళ్లవి. తమ మనిషి మీద తోటివాళ్లకి అనుమానం రాకుండా, అతన్నీ పిలిచి విచారించినట్టు ఏదో ఒక గుడ్డ సీసాలో పెట్టి అతని పేరు రాసేవారు.

"తాతయ్య అసలు ఆ కుర్చీలో కూర్చోనే లేదేమో," అంది జోయా.

నేను పొయ్యి మీది పప్పు దించాను. ఆ రోజు అందులో ఉప్పు వేయలేదని తినేటప్పుడు కూడా ఎవరూ అనలేదు. మామయ్యగారు ఫలితం వచ్చిందా అని అడిగారు. ఇంకా లేదని జోయా అబద్ధం చెప్పింది. మా ఇంట్లో ఆయనతో అబద్ధం ఆడటం అదే మొదటిసారి. ఆయన దాని మొహం చూసి మరి అడగలేదు.

జోయా పై అధికారి వెంటనే తేల్చేయవద్దన్నారు. చేతి మీద తీసిన నమూనా వేరు, కూర్చున్న చోట తీసింది వేరు కావచ్చు. అప్పట్లో ఎలా తీశారో అలాగే తీసి చూద్దామన్నారు. అలా మేం ముగ్గురం తార్నాక దగ్గరున్న ఆ ప్రయోగశాలకి వెళ్లాం. సన్నగా వాన పడుతోంది. మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన తెల్ల తువ్వాలుతో వచ్చారు.

గదిలో చెక్క కుర్చీ, దాని మీద పలచటి తొడుగు, కింద పసుపు గుడ్డ. నజ్మా అనే అమ్మాయి చేతులకి తొడుగులు వేసుకుని, గుడ్డని పట్టకారుతో సరిచేసి, ఆయన్ని కూర్చోమంది.

ఆయన కుర్చీ దగ్గరికి వెళ్లారు. భుజం మీది తువ్వాలు తీసి కుర్చీని రెండుసార్లు దులిపారు. దాన్నే నాలుగు మడతలు పెట్టి పరిచారు. దాని మీద కూర్చున్నారు.

"అయ్యో తాతగారూ, తువ్వాలు తీసేయాలి. అది ఉంటే గుడ్డకి మీ వాసన పట్టదు," అంది నజ్మా.

ఆయన లేచి ఇబ్బందిగా తువ్వాలు తీశారు. భుజాన వేసుకోబోతే అదీ వద్దంది, దగ్గర ఉండకూడదట. ఆయన దాన్ని నా చేతికిచ్చారు. బోసి భుజంతో నిలబడ్డారు.

ఆ తువ్వాలు నా చేతిలో ఉంది. ఇరవై తొమ్మిదేళ్లుగా నేను ఉతుకుతున్న తువ్వాళ్లు. మా సోఫా మీద కూడా ఆయన ఇలాగే పరుచుకుంటారు. కొత్తలో నేను సరిగా తుడవలేదని అలా చేస్తున్నారనుకుని చిన్నబుచ్చుకునేదాన్ని. ప్రెస్సులో స్టూళ్ల నిండా సిరా ఉంటుంది, పంచెకి అంటకుండా చిన్నప్పటి నుంచీ అలవాటని అత్తయ్యగారు చెప్పాకగానీ నాకు తెలియలేదు.

"ఆగండి," అన్నాను. "మామయ్యగారూ, అక్కడ కూడా ఇలాగే కూర్చున్నారా?"

"ఎక్కడమ్మా?"

"లైప్‌జిగ్‌లో. పోలీసులు పిలిపించిన రోజు."

"కూర్చోనూ? ఊరు మారితే కూర్చోడం మారుద్దా? వాడెవడో ఆఫీసరు నవ్వాడు కూడాను. నేను రాజుననుకుంటున్నానా అని అడిగాడు."

జోయా కళ్లు పెద్దవయ్యాయి. కానీ వెంటనే తల అడ్డంగా ఊపింది. తువ్వాలు కూడా తాతయ్యదే కదా, దానికీ తాతయ్య వాసనే ఉండాలి కదా అంది. నజ్మా కూడా అవునంది. వాళ్లు చదువుకున్నవాళ్లు. కానీ మా ఇంటి బట్టలు ఉతికేది నేను.

"ఆ రోజు భుజాన ఉన్నది మీ తువ్వాలేనా? బాగా గుర్తు తెచ్చుకోండి."

ఆయన కిటికీ దగ్గరికి నడిచి వాన వైపు చూశారు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చారు. ఇక్కడి నుంచి నాలుగు తువ్వాళ్లు పట్టుకెళ్లారు. మొదటి చలికాలంలో యోర్గ్‌కి దగ్గు పట్టుకుంటే ఒకటి ఇచ్చారు. ఊలు మఫ్లరు మెడకి గీరుకుంటుంది, ఇది మెత్తగా ఉందని అతను దాన్ని వదిలేవాడు కాదు. పనిచేసేటప్పుడు కూడా మెడకి చుట్టుకుని, మెషిను ఆపాక దానితోనే చేతులు తుడుచుకుని కొక్కేనికి తగిలించేవాడు. నవంబరులో అతనికి కడుపునొప్పి వచ్చి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేర్చారు. ఆ వారమే ప్రెస్సులో వాళ్లందరినీ ఒక్కొక్కరినీ పిలిచారు.

"నా తువ్వాళ్లన్నీ ముందురోజు ఉతికేశాను. ఆ చలిలో ఏవి ఆరతాయి? రేకుల్లాగా బిగుసుకుపోయినయ్యి. భుజాన ఏమీ లేకుండా ఆఫీసరు ముందుకి ఎట్టా పోవాలి? కొక్కేనికి వాడిది ఉంటే వేసుకుపోయాను."

నజ్మా చేతిలో పట్టకారు అలాగే ఉంది.

జోయా సీసాలోని గీతని తీసి, ఇంతవరకూ తెరిచిన సీసాలన్నిటితోనూ పోల్చమని యంత్రానికి ఇచ్చింది. ఆ పని ముందే ఎందుకు చేయలేదని తర్వాత నేనడిగాను. భయం వేసిందని చెప్పింది. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ మామయ్యగారు ప్లాస్టిక్ కుర్చీలో, తువ్వాలు పరుచుకుని, కూర్చున్నారు. నేను ఇంటి నుంచి తెచ్చిన ఫ్లాస్కులో టీ చల్లారిపోయింది.

ఒకటే కలిసింది. దాని మీద మనిషి పేరు లేదు. 1976 అక్టోబరులో ట్రామ్ స్టాపు దగ్గర దొరికిన కరపత్రాల మీద అద్ది తీసిన గుడ్డ. జోయా తెర మీది రెండు గీతల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించింది. వెంట్రుకవాసి పక్కకి పోకుండా కూర్చున్నాయి. తర్వాత సీసా గుడ్డని ఇంకా సన్నగా చదివించి తాతగారి దూది నమూనాతో పోల్చింది. గుడ్డ అంచుల్లో ఆయన గీత కూడా ఉంది. ఒక మూల, చెయ్యి ఆనిన చోట. అంటే ఆయన ఆ కుర్చీలో కూర్చున్నారు.

"కరపత్రాలు వేసింది యోర్గే," అన్నారాయన. "నాకు చూపించాడు. మేం వేసేవి మేమే నమ్మాలంటే నిజాలు వేయనివ్వండి అని నాలుగు ముక్కలు. నేను వద్దన్నాను, వినలేదు. ఆ సంగతి వాడికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. వాడు ఆసుపత్రిలో ఉండగా నా మీదకి వచ్చిందంటే, తను తప్పించుకోడానికి నా పేరు చెప్పాడనుకున్నాను."

"ఎవరూ చెప్పలేదు తాతయ్యా. కుక్క నీ సీసా దగ్గర ఆగింది. కరపత్రాల మీదున్న వాసనే నీ సీసాలోనూ ఉంది మరి. అది సరిగ్గానే పోల్చింది."

"నన్ను పట్టిచ్చింది కుక్కా?"

"కుక్కే."

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. తువ్వాలు అంచుని వేళ్లతో మడుస్తూ అడిగారు.

"మరి వాడి సీసా ఏదీ?"

జోయా జాబితా పైనుంచి కిందకి వెతికింది. యోర్గ్ పేరుతో సీసా లేదు. మనిషి దొరికిపోయాడనుకుని ఆసుపత్రి నుంచి వచ్చినవాణ్ణి మళ్లీ పిలిచినట్టు లేదు. దొరికినవాడు స్నేహపార్టీ పంపిన పరాయి దేశం మనిషని గుట్టుగా విమానం ఎక్కించేశారు. ఆ కరపత్రాల కేసులో ఎవరినీ జైల్లో పెట్టినట్టు జాబితాలో లేదు.

"వాడు జైలుకెళ్లలేదన్నమాట," అన్నారు మామయ్యగారు. ఇంకోసారి అదే మాట అన్నారు. అప్పుడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేనూ జోయా కిటికీ వైపు తిరిగాం.

ఇంటికి రాగానే మామయ్యగారు తన గదిలోంచి అచ్చుపని గురించిన ఒక లావుపాటి జర్మన్ పుస్తకం తెచ్చి, మధ్యలోంచి ఒక పోస్టుకార్డు తీశారు. ఇలాంటిది ఉందని మా ఆయనకి కూడా తెలియదు. 1976 డిసెంబరుది. కవరైతే తెరవకుండానే తిప్పిపంపేసేవారట. కార్డుకి మూత ఉండదు కాబట్టి చదవాల్సి వచ్చింది. ఆయన దాన్ని ఒక్కో మాటా తెలుగు చేసి చెప్పారు. ఆసుపత్రి నుంచి వచ్చాను. నువ్వు లేవు. మెషిను దగ్గర నా తువ్వాలు కూడా లేదు. నువ్వు తీసుకెళ్లి ఉంటే సంతోషం. నా మెడ దానికోసం వెతుక్కుంటోంది. యోర్గ్.

"నా బతుకు తీసేసి తువ్వాలు గురించి అడుగుతున్నాడని ఒళ్లు మండిపోయింది," అన్నారు. "కార్డు పోలీసులు చదువుతారని, పాపం వాడు ఇంకేం రాయగలడు?"

ఆ రోజు జోయా రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. మా ఆయన ప్రయోగశాల కాగితం విజయవాడ తీసుకెళ్లి పార్టీ ఆఫీసులో బల్ల మీద పెడదామన్నారు. మామయ్యగారు వద్దన్నారు. తనకి తలుపు మూసినవాళ్లు ఒక్కరూ లేరు, ఆ తలుపు కూడా మార్చేసి గాజుది పెట్టారని చెప్పారు. జర్మనీ వాళ్ల మీద కోపం లేదా అని జోయా అడిగితే ఆలోచించి జవాబిచ్చారు.

"వాళ్లు నాకు రొట్టె పెట్టారు. పని నేర్పారు. సీసాలో కూడా పెట్టారు. మూడూ నిజమేనే."

మర్నాడు కాఫీ ఇస్తూ నేను చెప్పేశాను, అన్నేళ్లూ ఆ పెళ్లి బంతిలో విన్న మాటలు సగం నమ్మానని. చెప్పకుండా ఆ గ్లాసు ఇవ్వలేకపోయాను.

"సగమేగా," అన్నారు కాఫీ ఊదుకుంటూ. "మీ అత్త ముప్పాతిక నమ్మింది. అయినా వేళకి అన్నం పెట్టింది."

యోర్గ్ బతికే ఉన్నాడు. కాగితాలు భద్రపరిచే అక్కడి ఆఫీసువాళ్లే కబురు చేశారు. లైప్‌జిగ్ పక్కన ఒక చిన్న ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆదివారం జోయా పెద్ద తెర మీద కలిపింది. పలచటి జుట్టు, పెద్ద చెవులు, మోకాళ్ల మీద దుప్పటి. మామయ్యగారికి జర్మన్ మాటలు ఒకటీ అరా వస్తున్నాయి. మిగతాది అటు కూతురు ఇంగ్లీషులోకి, ఇటు జోయా తెలుగులోకి మార్చారు.

బెర్లిన్ గోడ కూలిన మరుసటి ఏడు యోర్గ్ అంతా రాసి ఒక ఉత్తరం వేశాడట. అది తిరిగొచ్చింది. ఆ కవరు ఎత్తి చూపించాడు. దాని మీద జర్మన్‌లో మామయ్యగారి చేతిరాత: వద్దు. మామయ్యగారు తలదించుకున్నారు. యోర్గ్ కవరు పక్కన పెట్టేశాడు. తనకి అన్నేళ్లుగా ఒకటే అడగాలని ఉందన్నాడు. తనని కాపాడటానికే పున్నయ్య తెలిసి ఆ నేరం మీద వేసుకున్నాడా అని.

జోయా ఆ ప్రశ్నని తెలుగు చేసి తాతగారి వైపు చూసింది. నేనూ చూశాను. ఔనంటే సరిపోయేది. అక్కడ ఎవరూ కాదనరు.

"లేదు," అన్నారు మామయ్యగారు. "నాకేమీ తెలీదని చెప్పవే. నా తువ్వాలు ఆరలేదు, అంతే."

అది విని యోర్గ్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది. కూతురు వచ్చి వీపు నిమిరింది. దగ్గుతూనే అతను చెయ్యి మెడ దగ్గరికి తీసుకెళ్లి, ఏదో చుట్టుకున్నట్టు తిప్పి చూపించాడు. ఇటు మామయ్యగారు కూడా నవ్వుతున్నారు. నేను ఈ ఇంటికి వచ్చాక ఆయన పళ్లు అన్నీ కనబడటం అదే మొదలు.

సోమవారం మంగళగిరి తువ్వాలు కొత్తది తెప్పించారు. కొత్త బట్ట గంజితో కరకరలాడుతుంది, ఒకసారి జాడించి ఇస్తానన్నాను. ఇవ్వలేదు. నాలుగు రోజులు భుజాన వేసుకుని తిరిగారు. మొహం తుడుచుకున్నారు. కుర్చీల మీద పరుచుకున్నారు. శుక్రవారం తెచ్చి నా చేతికిచ్చి, పార్సెలు కట్టమన్నారు. మెడ దగ్గర చెమట చార, ఒక మూల టీ మరక.

"ఇప్పుడైనా ఉతకనా మామయ్యగారూ?"

"వద్దమ్మా. ఉతికితే అది ఏ కొట్టువాడిదో అవుద్ది."

నా చేతుల మీదుగా మాసిన బట్ట ఎప్పుడూ గడప దాటలేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, కవరులో పెట్టి, అంచులు గట్టిగా అంటించాను.